ఉప్పునీళ్ళు నెమ్మదిగా ఆరతాయా? ఒక సైన్స్ ప్రయోగాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలి

సైన్స్ ఫెయిర్ దగ్గర పడిందంటే నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా పిల్లలు ముందు వెళ్ళేది ఫ్యాన్సీ షాపుకే. థర్మోకోల్, రంగు అట్టలు, చిన్న మోటారు, బల్బు కొనుక్కుని మోడల్ తయారుచేస్తారు. మోడల్ చేయడం మంచిదే, కానీ అది ప్రయోగం కాదు. జవాబు ఏమొస్తుందో మనకి ఖాయంగా తెలియని ప్రశ్నని కొలతలతో తేల్చడమే ప్రయోగం. సైన్స్ పుస్తకాల్లో పరికల్పన, చలరాశి, కనీసపు కొలత, దోషం లాంటి మాటలు ఉంటాయి. పరీక్ష కోసం వాటి నిర్వచనాలు బట్టీ పడతాం. నిజానికి అవన్నీ చేయాల్సిన పనులు. ఒక్క ప్రయోగం సరిగ్గా చేస్తే ఏ మాట ఎందుకు పుట్టిందో చేతికే తెలుస్తుంది.

అందుకని ఇక్కడ ఒకే ప్రయోగాన్ని పట్టుకుని చివరి దాకా వెళదాం. మన తీరంలో ఇసకపల్లి నుంచి కనుపర్తి దాకా ఉప్పు మడులు చాలామంది చూసే ఉంటారు. సముద్రపు నీళ్ళు మడుల్లో ఆరి, చిక్కబడి, చివరికి ఉప్పుగా తేలతాయి. ఆ నీళ్ళు చిక్కబడే కొద్దీ ఆరడం నెమ్మదిస్తుందా? నెమ్మదిస్తే ఎంత? దీనికి కావలసినవి నాలుగు ఒకేలాంటి స్టీలు పళ్ళేలు, ఒక ప్యాకెట్ ఉప్పు, వంటింట్లో వాడే ఎలక్ట్రానిక్ కాటా, ఒక థర్మామీటరు, వీలైతే గాలిలో తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు.

ముందు ప్రశ్నని కొలవగలిగేలా రాయండి

"ఉప్పు వల్ల నీళ్ళకి ఏమవుతుంది?" అనేది ప్రశ్నే, కానీ దాన్ని కొలవలేం. "100 గ్రాముల నీళ్ళలో కరిగిన ఉప్పు పెరిగే కొద్దీ, ఆరు గంటల్లో ఆవిరయ్యే నీటి ద్రవ్యరాశి ఎలా మారుతుంది?" అని రాస్తే ఏం మార్చాలో, ఏం కొలవాలో, ఎంతసేపు కొలవాలో అందులోనే ఉంది. రికార్డు పుస్తకం మొదటి పేజీలో ఈ ఒక్క వాక్యమే ఉండాలి.

దాని కింద పరికల్పన రాయండి. పరికల్పన అంటే ఊరికే ఊహించడం కాదు. కారణంతో పాటు చెప్పాలి, తప్పని తేలే అవకాశం కూడా దానికి ఉండాలి. ఉదాహరణకి: "ఉప్పు అయాన్లు నీటి అణువులను తమ చుట్టూ పట్టి ఉంచుతాయి కాబట్టి, ఉప్పు ఎక్కువయ్యే కొద్దీ ఆవిరయ్యే నీళ్ళు తగ్గుతాయి." నాలుగు పళ్ళేల్లోనూ ఒకేలా తగ్గితే ఈ పరికల్పన తప్పని తేలుతుంది. తప్పని తేలడంలో నామోషీ ఏమీ లేదు. ప్రయోగం అయ్యాక పరికల్పనని దిద్దడం మాత్రం చేయకూడదు. అందుకే దాన్ని పెన్నుతో, తేదీ వేసి, ముందే రాయాలి.

చలరాశుల్ని విడదీయండి

ప్రయోగంలో మారగలిగే ప్రతిదీ చలరాశి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు వేరియబుల్ అంటారు. వీటిని మూడు రకాలుగా విడదీయాలి.

మనం కావాలని మార్చేది స్వతంత్ర చలరాశి. ఇక్కడ అది ఉప్పు మోతాదు. ఒక్కో పళ్ళేనికి 200 గ్రాముల నీళ్ళు తీసుకుని, మొదటి దాంట్లో ఉప్పు వేయకుండా వదిలేయండి. మిగతా వాటిలో వరసగా 20, 40, 60 గ్రాములు వేయండి. అంటే 100 గ్రాముల నీళ్ళకి 0, 10, 20, 30 గ్రాముల ఉప్పు. అంతకు మించి పెంచొద్దు. గది ఉష్ణోగ్రత దగ్గర 100 గ్రాముల నీళ్ళలో సుమారు 36 గ్రాముల ఉప్పే కరుగుతుంది, మిగిలింది అడుగున పేరుకుంటుంది.

దాన్ని బట్టి మారేది పరతంత్ర చలరాశి. ఇక్కడ తగ్గిన ద్రవ్యరాశి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, పళ్ళెం బరువులో తగ్గినదంతా నీళ్ళే.

అసలు కష్టం మూడో రకంతోనే. మిగతావన్నీ నాలుగు పళ్ళేలకీ ఒకేలా ఉండాలి. పళ్ళెం వెడల్పు, నీళ్ళ మొదటి ఉష్ణోగ్రత, ఎండా నీడా, గాలి, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వీటిలో గాలిని తక్కువగా చూడకండి. ఎండాకాలంలో పడమటి గాలి పొడిగా, సెగలా వీస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి మళ్ళితే తేమ పెరుగుతుంది. అంటే ఒకే రోజు ఉదయానికీ సాయంత్రానికీ నీళ్ళు ఆరే వేగం మారిపోతుంది. గాలిని ఆపడం మన చేతిలో లేదు. అందుకే నాలుగు పళ్ళేల్నీ ఒకే చోట, ఒకే సమయంలో పెట్టాలి. ఒకటి ఈ రోజు, ఇంకొకటి రేపు పెడితే తేడా ఉప్పు వల్ల వచ్చిందో, గాలి వల్ల వచ్చిందో చెప్పలేం.

ఒకే చోట పెట్టినా చివరి పళ్ళేనికి గాలి ఎక్కువ తగలొచ్చు. దానికి మందు, గంటకోసారి పళ్ళేల స్థానాలు మార్చడం. ఏది ఎక్కడికి వెళ్ళాలో ముందే చీటీలు వేసి తీసుకుంటే ఇంకా మంచిది, మన ఇష్టం అందులో చొరబడదు.

ఉప్పు వేయని పళ్ళేన్ని నియంత్రణ అంటారు. అది లేకుండా ప్రయోగం లేదు. ఉప్పు పళ్ళెంలో 13 గ్రాములు తగ్గాయని చెబితే వినేవాళ్ళకి ఏమీ అర్థం కాదు. పక్కనే ఉన్న మామూలు నీళ్ళు 25 గ్రాములు తగ్గాయని చెబితేనే ఆ 13కి అర్థం వస్తుంది.

కాటాని నమ్మే ముందు పరీక్షించండి

ఇక్కడ తొందరపడొద్దు. నా దృష్టిలో మొత్తం ప్రయోగంలో ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే.

పరికరం చూపగలిగే అతి చిన్న తేడాని కనీసపు కొలత అంటారు. వంటింటి కాటాలు చాలావరకు 1 గ్రాము తేడా చూపుతాయి. స్కూలు ల్యాబు థర్మామీటరు చాలావరకు 1 డిగ్రీ సెల్సియస్ చూపుతుంది. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, అది 35 డిగ్రీల దగ్గర మొదలై 42 దగ్గర ఆగిపోతుంది.

తర్వాత శూన్య దోషం. కాటా మీద ఏమీ పెట్టనప్పుడు సున్నా చూపాలి. 2 గ్రాములు చూపిస్తే ఆ 2 ప్రతి తూకంలోనూ కలుస్తుంది. కాటాలకి టేర్ బటన్ ఉంటుంది, నొక్కితే సున్నాకి వస్తుంది. అయితే గంటల తరబడి సాగే ప్రయోగంలో కాటా మధ్యలో దానంతట అదే ఆగిపోతుంది కాబట్టి టేర్ మీద ఆధారపడకండి. ఖాళీ పళ్ళెం బరువు విడిగా రాసి పెట్టుకోండి.

సున్నా సరిగ్గా ఉన్నంత మాత్రాన కాటా సరైనదని కాదు. తెలిసిన బరువు పెట్టి చూడాలి. దీన్ని క్రమాంకనం అంటారు. మీ వీధిలో కిరాణా కొట్టాయనని అడిగి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 100, 200, 500 గ్రాముల తూకం రాళ్ళు కాసేపు తీసుకోండి. ఒక్కోటీ మూడు సార్లు తూచి రాయండి. 500 గ్రాముల రాయికి మూడు సార్లూ 507 వచ్చిందనుకోండి. ఆ కాటాకి ఖచ్చితత్వం ఉంది, యథార్థత లేదు. మళ్ళీ మళ్ళీ తూచినా ఒకే అంకె దగ్గర నిలవడం ఖచ్చితత్వం, నిజమైన విలువకి దగ్గరగా ఉండటం యథార్థత. వాడుకలో రెండిటినీ కలిపి "కరెక్టుగా చూపిస్తోంది" అనేస్తాం, రికార్డులో మాత్రం కలపకూడదు. ప్రతిసారీ ఒకే వైపు తప్పు చూపే ఇలాంటి దాన్ని క్రమదోషం అంటారు. ఎన్నిసార్లు తూచి సగటు తీసినా అది పోదు. దాన్ని కనిపెట్టి, లెక్కలో సవరించాలి.

తేమ మీటరుని ఉప్పుతోనే పరీక్షించవచ్చు. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసకలా అయ్యేంత నీళ్ళు మాత్రమే చిలకరించండి. ఆ మూతనీ మీటరునీ గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. తడి ఉప్పు ఉన్న మూసిన డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటరు 70 చూపిస్తే అది 5 తక్కువ చూపుతోందన్నమాట. తెర మీద 1 శాతం తేడా చూపే చవక మీటర్లు అసలు విలువకి అంతకన్నా చాలా దూరంలో ఉండొచ్చు. కనీసపు కొలత చిన్నదైతే యథార్థత కూడా బాగుంటుందని అనుకోకండి.

థర్మామీటరు చదివేటప్పుడు కన్ను ద్రవమట్టానికి సమానంగా ఉండాలి. పైనుంచి చూస్తే ఒక అంకె, కింద నుంచి చూస్తే ఇంకో అంకె కనిపిస్తుంది. ఇది దృష్టి విక్షేప దోషం. కొలజాడీలో నీళ్ళు చదివేటప్పుడు మధ్యలో లోపలికి వంగిన అడుగు గీతని చూడాలి, గాజుకి అంటుకుని పైకి పాకిన అంచుని కాదు.

యూనిట్ల గురించి ఒక్క మాట. ధాన్యం కొలిచే పుట్టి నెల్లూరులో అయితే 850 కిలోలు, అన్నిచోట్లా ఆ లెక్క కాదు. ఇళ్ళ స్థలాలు కొలిచే అంకణం ఒకచోట 36 చదరపు అడుగులు, ఇంకోచోట 72. బేరంలో ఇద్దరికీ తెలిసి ఉంటే సరిపోతుంది. ప్రయోగం మాత్రం మన ఊరు ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా చదివి మళ్ళీ చేయగలగాలి. కాబట్టి ప్రతి అంకె పక్కనా గ్రాము, సెంటీమీటరు, డిగ్రీ సెల్సియస్ రాయండి. కిలోగ్రాముకి చాలాకాలం ప్యారిస్ దగ్గర దాచిన ఒక లోహపు దిమ్మే ఆధారం. 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం అనే, ప్రకృతిలో మారని ఒక విలువ ఆధారంగా నిర్వచిస్తున్నారు. దిమ్మె కొద్దిగా అరిగినా మారిపోయే ప్రమాణం ఎవరికీ వద్దు కదా.

ఇప్పుడు పని

ముందు రోజు రాత్రే నాలుగు సీసాల్లో ద్రావణాలు కలిపి మూత పెట్టండి. ఉప్పు కరిగేటప్పుడు నీళ్ళు కొంచెం చల్లబడతాయి. రాత్రంతా ఉంచితే నాలుగూ గది ఉష్ణోగ్రతకి వస్తాయి. మొదటిసారికి ప్యాకెట్ ఉప్పే వాడండి. మడుల నుంచి వచ్చే రాళ్ళ ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి, అవి తేమ పీల్చి ఉప్పుని చెమ్మగా చేస్తాయి. అప్పుడు 20 గ్రాములు తూచినా అందులో ఎంత ఉప్పో, ఎంత నీళ్ళో చెప్పలేం.

ఉదయం పళ్ళేల వ్యాసం స్కేలుతో కొలవండి. అడుగు చదునుగా, 20 సెంటీమీటర్ల వ్యాసంతో ఉంటే బాగుంటుంది. పళ్ళేల అడుగున అ, ఆ, ఇ, ఈ అని గుర్తులు వేసి, ఒక్కో పళ్ళెంలో ఒక్కో సీసా ద్రావణం పోసి, ఏ అక్షరం ఏ ద్రావణమో ఒక కాగితంలో రాసి మడిచి పెట్టండి. తూచే పని ఆ కాగితం చూడని తమ్ముడికో చెల్లికో ఇవ్వండి. మనకి ఏ అంకె రావాలని ఉందో తెలిస్తే, కాటా 312కీ 313కీ మధ్య ఊగుతున్నప్పుడు మనకి కావాల్సినదే రాసేస్తాం. అబద్ధం చెప్పాలని కాదు, కన్ను అలా చూస్తుంది.

నీడలో, చీమలూ కాకులూ రాని చోట, గాలి ఆడేలా పెట్టండి. గంటకోసారి తూచి, థర్మామీటరు, తేమ మీటరు అంకెలు కూడా రాయండి. తూచేటప్పుడు గాలి తగలని చోటికి తీసుకురండి, గాలికి కాటా అంకె ఊగుతుంది. ఆరు గంటలు చాలు. మరీ ఎక్కువసేపు ఉంచితే ఉప్పు పళ్ళేల్లో నీళ్ళు తగ్గి, ద్రావణం ఇంకా చిక్కబడి, మనం పెట్టిన 10, 20, 30 మారిపోతాయి. మొదట పోసిన నీళ్ళలో ఏడో వంతు తగ్గేలోపే ఆపేయడం మంచిది.

ఇదే పని మొత్తం మూడు రోజులు చేయాలి. ఒక్కసారి వచ్చిన అంకె నిజమో, యాదృచ్ఛికమో ఎవరూ చెప్పలేరు.

రాయడంలో నిజాయతీ

రికార్డులో రెండు రకాల పరిశీలనలు ఉంటాయి. "ఈ పళ్ళెం అంచున తెల్లటి గీత కనిపించింది" అనేది గుణాత్మకం. "మూడో గంటకి 6 గ్రాములు తగ్గింది" అనేది పరిమాణాత్మకం. రెండూ కావాలి. "అంచు దగ్గర నీళ్ళు ముందు ఆరాయి" అనేది మాత్రం పరిశీలన కాదు, తెల్లటి గీత చూసి మనం అనుకున్నది. దాన్ని వేరే వరసలో రాయండి.

ఒక రీడింగు మిగతావాటికి పొంతన లేకుండా వస్తే కొట్టేయకండి, రబ్బరు పెట్టి చెరపకండి. చుట్టూ గీత గీసి, ఆ గంటలో ఏం జరిగిందో పక్కన రాయండి. నీళ్ళు ఒలికాయని తెలిస్తే లెక్కలోంచి తీసేసే హక్కు ఉంది. కారణం తెలియకపోతే లెక్కలో ఉంచాల్సిందే.

లెక్క

లెక్క ఎలా చేయాలో చూపడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. మామూలు నీళ్ళ పళ్ళెంలో మూడు రోజుల్లో తగ్గినవి 24, 26, 25 గ్రాములు. సగటు 25. ఒక్కో రీడింగు సగటు నుంచి ఎంత దూరంలో ఉందో చూస్తే 1, 1, 0. వీటి సగటు సుమారు 0.7 గ్రాములు. దీన్ని మధ్యమ పరమదోషం అంటారు.

అయితే కాటా వల్ల వచ్చే అనిశ్చితి కూడా ఉంది. 1 గ్రాము చూపే కాటాలో ప్రతి తూకం అర గ్రాము అటూ ఇటూ ఉండొచ్చు. మనం మొదటి తూకంలోంచి చివరి తూకం తీసేస్తున్నాం. తీసివేతలో దోషాలు తగ్గవు, కలుస్తాయి. అర, అర కలిపి 1 గ్రాము. 0.7 కన్నా 1 పెద్దది కాబట్టి పెద్దదే తీసుకుని 25 ± 1 గ్రా. అని రాయాలి. శాతంలో చెబితే 4 శాతం దోషం.

గంటకి ఎంత అని 25ని 6తో భాగిస్తే ఫోన్ 4.1666667 చూపిస్తుంది. అంత పొడుగు అంకె రాస్తే మన కాటాకి లేని శక్తి ఉన్నట్టు చెప్పినట్టే. 25లో సార్థక అంకెలు, అంటే కొలత నిజంగా చెప్పగలిగిన అంకెలు, రెండే. కాబట్టి గంటకి 4.2 గ్రాములు, అంతే. ఇంకో లెక్క కూడా చేయండి. 20 సెంటీమీటర్ల పళ్ళెం వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. 25 గ్రాముల నీళ్ళు అంత వైశాల్యంలో తగ్గితే మట్టం 0.8 మిల్లీమీటర్లు దిగినట్టు. వాతావరణ కేంద్రాల్లో 122 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న తొట్టిలో నీళ్ళు రోజుకి ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో ఇలాగే లెక్క కడతారు. మీ పళ్ళెం వాళ్ళ తొట్టికి తమ్ముడే.

ఇప్పుడు 30 గ్రాముల పళ్ళెం 13 ± 1 అనుకోండి. 25కీ 13కీ తేడా 12 గ్రాములు. రెండు దోషాలూ కలిపినా 2. కాబట్టి తేడా ఉందని గట్టిగా చెప్పొచ్చు. అదే సముద్రపు నీళ్ళంత పలుచటి ద్రావణం, అంటే కిలోకి 35 గ్రాములు, తీసుకుని ఉంటే 24 ± 1 వచ్చేది అనుకుందాం. 25 ± 1, 24 ± 1 ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అప్పుడు "తేడా లేదు" అని రాయకూడదు, "తేడా ఉంది" అని కూడా రాయకూడదు. "ఈ కాటాతో తేడా తేలలేదు" అని రాయాలి. మనం మొదటి నుంచీ 10, 20, 30 లాంటి పెద్ద మోతాదులు ఎంచుకున్నది ఇందుకే. రావాల్సిన తేడా కనీసపు కొలత కన్నా చాలా పెద్దదిగా ఉండేలా ప్రయోగాన్ని మొదలుపెట్టక ముందే మలచుకోవాలి.

గ్రాఫులో అడ్డగీత మీద స్వతంత్ర చలరాశి, నిలువు గీత మీద పరతంత్ర చలరాశి. ప్రతి బిందువుకీ పైకీ కిందకీ దోషం అంత చిన్న గీత గీయండి. చుక్కల్ని స్కేలుతో ఒకదానికొకటి కలపకుండా, అన్నిటికీ దగ్గరగా పోయే ఒకే రేఖ గీయండి. 10కీ 20కీ మధ్య 15 దగ్గర ఎంత ఉంటుందో ఆ రేఖని బట్టి చెప్పొచ్చు. 40 దగ్గర ఎంతో చెప్పకూడదు, అంత ఉప్పు ఆ నీళ్ళలో కరగనే కరగదు.

నిర్ధారణ

నిర్ధారణలో మీ అంకెలు చెప్పినంతే రాయండి: ఏ ఉష్ణోగ్రత దగ్గర, గాలిలో ఎంత తేమ ఉండగా, ఎంత ఉప్పుకి ఎంత తగ్గింది. తేమ రాయకపోతే ఈ ప్రయోగానికి విలువ సగం పోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే, నిండుగా ఉప్పు కరిగిన నీళ్ళు ఆవిరవడం మానేసి గాలిలోని నీళ్ళనే పీల్చుకుంటాయి. నవంబరు ముసురులో ఇదే ప్రయోగం చేస్తే 30 గ్రాముల పళ్ళెం బరువు దాదాపు కదలకపోవచ్చు, కొంచెం పెరగనూ వచ్చు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో మన తీరంలో ఉప్పు పండకపోవడానికి వానతో పాటు ఈ తేమ కూడా కారణమే. మడి నీళ్ళు 25 డిగ్రీల బామేకి (ఉప్పునీళ్ళ చిక్కదనాన్ని చెప్పే కొలత) చిక్కబడితే గానీ ఉప్పు తేలడం మొదలవదు. అంత చిక్కటి నీళ్ళని ఆరబెట్టడానికి పొడి గాలి కావాలి.

వీలైతే మీ పద్ధతి మొత్తం రాసి, ఉదయగిరి వైపు ఉన్న స్నేహితుడికి ఒకటి, కొత్తపట్నం వైపు ఉన్నవాళ్ళకి ఒకటి పంపండి. మీరే మళ్ళీ చేసినప్పుడు అదే ఫలితం రావడం ఒక ఎత్తు. వేరేవాళ్ళు, వేరే కాటాతో, వేరే ఊళ్ళో చేసినా అదే ధోరణి రావడం ఇంకో ఎత్తు. వాళ్ళ అంకెలు మీ అంకెల్లా ఉండవు, ఉండాల్సిన పని లేదు. ఉప్పు పెరిగే కొద్దీ రేఖ కిందకి వంగుతోందా లేదా అన్నదే చూడాలి.

చివరగా ఒక తనిఖీ. 60 గ్రాముల పళ్ళేన్ని పారబోయకండి, మొక్కలకి అసలే పోయకండి. సన్నటి గుడ్డ కప్పి ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, మిగిలిన ఉప్పుని పళ్ళెంతో సహా తూచి, ఖాళీ పళ్ళెం బరువు తీసేయండి. 60 ± 1 రావాలి. 63 వస్తే ఇంకా తేమ ఉందన్నమాట. మళ్ళీ ఎండబెట్టి తూచండి. వరసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఇలా చేయాలి. 56 వస్తే ఎక్కడో ఉప్పు ఒలికింది, లేదా మొదట తూచినప్పుడే తప్పు జరిగింది. అప్పుడు ఆ పళ్ళెం అంకెల పక్కన ఆ సంగతి రాసి, ఆ ఒక్క ద్రావణంతో పాటు మామూలు నీళ్ళ పళ్ళేన్ని కూడా పక్కనే పెట్టి మళ్ళీ చేయండి.